బడి వార్షిక సంచిక: ముందు కాగితం మాటలు, తర్వాత అందం మాటలు

మాస్టారూ, మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెబుతాను. మీ ఉన్నత పాఠశాల రజతోత్సవ సంచిక బాధ్యతను తెలుగు ఉపాధ్యాయులైన మీకు అప్పగించారు. 64 పేజీలు, ఏ4 సైజు అనుకున్నారు. కంప్యూటర్ తెలిసిన నలుగురు పిల్లలతో కలిసి పేజీలు మీరే తయారు చేద్దామనుకున్నారు. ప్రెస్సుకు వెళ్తే "ఎన్ని ఫారాలు? సెంటర్ పిన్నా, పర్ఫెక్టా? బ్లీడ్ ఇచ్చారా? గట్టర్ ఎంత వదిలారు?" అని అడిగారు. ఇంటికి వచ్చి ఇంటర్నెట్‌లో వెతికితే అమెరికా ఇయర్‌బుక్కుల మీద వ్యాసాలు దొరికాయి. వాటిలో ల్యాడర్, స్ప్రెడ్, ఐలైన్, కోలోఫన్ అంటూ ఇంకో నలభై మాటలు ఉన్నాయి. ఇవన్నీ నేర్చుకోవాలా, వీటిలో తప్పనిసరి ఏవి అన్నది మీ ప్రశ్న.

సూటిగా జవాబు చెబుతాను. ముందు ఆరు మాటలు నేర్చుకోండి: ట్రిమ్, బ్లీడ్, గట్టర్, ఫారం, రిజల్యూషన్, ప్రూఫు. ఇవి కాగితానికీ, కత్తికీ, సిరాకూ సంబంధించిన మాటలు. వీటిలో పొరపాటు జరిగితే సంచిక చేతికి వచ్చాక గానీ తెలియదు, తెలిశాక దిద్దుకునే దారి ఉండదు. ఐలైన్, వైట్ స్పేస్ (వదిలే ఖాళీ), గ్రిడ్ (పేజీ మీద గడుల అమరిక), పుల్ కోట్ (వ్యాసంలోంచి పెద్ద అక్షరాల్లో ఎత్తి చూపే వాక్యం) లాంటివి అందానికి సంబంధించినవి. అవి తెలియకపోయినా సంచిక వస్తుంది, తెలిస్తే ఇంకా బాగా వస్తుంది. ఫైలు ప్రెస్సుకు వెళ్లే రోజు వరకు వాటిని మార్చుకోవచ్చు కూడా.

నేను విజయవాడలో 22 ఏళ్లుగా పేజీలు కడుతున్నాను. పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు అన్నీ చేస్తాను గానీ, ఏటా జనవరి నుంచి మార్చి వరకు బళ్ల సంచికలే ఎక్కువ. నాకు అన్నిటికంటే భయం వేసే పని కూడా అదే. కవితల పుస్తకంలో అచ్చుతప్పు పడితే కవి బాధపడతాడు, రెండో ముద్రణలో దిద్దుతాం. బడి సంచికకు రెండో ముద్రణ ఉండదు. ఒక పిల్ల పేరు తప్పు పడితే అది ఆ ఇంటి బీరువాలో యాభై ఏళ్లు అలాగే ఉంటుంది. కింద చెప్పేవన్నీ ఆ భయంతో నేర్చుకున్నవే.

ట్రిమ్, బ్లీడ్, సేఫ్ ఏరియా

సంచికను అచ్చు వేసి, మడిచి, పిన్ను కొట్టాక మూడు వైపులా కటింగ్ మిషన్ మీద కోస్తారు. కోసిన తర్వాత చేతిలో మిగిలే కొలతే ట్రిమ్ సైజు. కత్తి ఒక దొంతర మీద ఒకేసారి దిగుతుంది, దొంతరలోని కాగితాలు మాత్రం ఒక మిల్లీమీటరు అటో ఇటో జరిగే ఉంటాయి. ఎంత నేర్పరి పనివాడైనా దీన్ని పూర్తిగా ఆపలేడు. అందుకని పేజీ అంచు దాకా రంగు గానీ, ఫోటో గానీ రావాలంటే దాన్ని కోత గీత దాటించి 3 మిల్లీమీటర్లు బయటికి పరచాలి. అదే బ్లీడ్. రంగు అంచు దాటి కారిపోవాలన్నది ఆ మాటలోని భావం. పేజీ 210×297 మిల్లీమీటర్లు అయితే బ్లీడుతో కలిపి 216×303 అవుతుంది. బ్లీడ్ ఇవ్వకపోతే రంగు పేజీ అంచున తెల్లటి దారంలా ఒక గీత కనబడుతుంది.

ఇదే లెక్క లోపలి వైపుకూ వర్తిస్తుంది. కత్తి లోపలికి జరిగినా తెగకూడనివన్నీ కోత గీతకు కనీసం 8 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. దాన్ని సేఫ్ ఏరియా అంటారు. ముఖాలు, పేర్లు, పేజీ నంబర్లు దీని బయట పెట్టకండి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సంచికలో అడుగు వరుస పిల్లల పేర్లు సగానికి తెగిపోయాయి. అక్షరాల తలకట్లు ఉన్నాయి, ఒత్తులన్నీ పోయాయి. ఏ పేరు ఎవరిదో ఆ తరగతి పిల్లలకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక మీరనుకున్న ఏ4 సంగతి. ప్రెస్సులో ఆఫ్‌సెట్ అచ్చుకు ఎక్కువగా దొరికే షీటు 23×36 అంగుళాలది. ఏ4 పేజీ పొడవు 11.7 అంగుళాలు. షీటు మీద రెండు పేజీలు ఒకదాని కింద ఒకటి పెడితే 23.4 అవుతుంది, షీటు 23 దగ్గరే ఆగిపోతుంది. అందుకే చాలా ప్రెస్సుల్లో "ఏ4" అని మాట్లాడుకున్న సంచిక చివరికి 8.25×10.75 అంగుళాల దగ్గర తేలుతుంది. మీరు అసలు ఏ4కు పేజీలు కట్టి ఇస్తే, వాళ్లు వాటిని కుదించాల్సి వస్తుంది, లేదా అంచులు కోసేయాల్సి వస్తుంది. ఒక్క పేజీ కూడా కట్టకముందే "కోత తర్వాత కొలత ఎంత వస్తుంది?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. అమెరికా టెంప్లేట్లు దించుకుని వాడితే ఇంకో చిక్కు ఉంది. అక్కడి ఇయర్‌బుక్కులు సాధారణంగా 7.75×10.5, 8.5×11, 9×12 అంగుళాల సైజుల్లో ఉంటాయి. వాటి గడులు మన కొలతకు సరిగ్గా కూర్చోవు.

స్ప్రెడ్, గట్టర్

సంచిక తెరిచినప్పుడు ఎదురెదురుగా కనబడే రెండు పేజీలు కలిపి ఒక స్ప్రెడ్. ఎడమ పేజీకి సరి సంఖ్య, కుడి పేజీకి బేసి సంఖ్య. 1వ పేజీ ఎప్పుడూ కుడివైపే. చదివేవాళ్ల కంటికి రెండు పేజీలూ ఒకేసారి పడతాయి కాబట్టి, మీరూ పేజీలను జంటగా చూసుకుంటూ కట్టాలి. ఒక్కో పేజీని విడిగా కట్టి పక్కన పెడితే, ఎడమ పేజీలో వార్షికోత్సవం నృత్యం, కుడి పేజీలో కాలం చేసిన మాస్టారికి నివాళి ఎదురెదురుగా వచ్చి కూర్చుంటాయి.

రెండు పేజీలు కలిసే లోయలాంటి చోటు గట్టర్. అక్కడ కాగితం వంపు తిరిగి లోపలికి పోతుంది. మడత మధ్యన పిన్నుతో కుట్టే సెంటర్ పిన్ను సంచికలో కొంచెమే పోతుంది. జిగురుతో అతికించే పర్ఫెక్ట్ బైండింగ్‌లో ఒక్కో పేజీకి సెంటీమీటరు దాకా పోతుంది. కాబట్టి లోపలి మార్జిన్ బయటి మార్జిన్ కంటే ఎక్కువ ఉండాలి. నేను పిన్ను సంచికకు 15 మిల్లీమీటర్లు, పర్ఫెక్ట్ బైండింగ్‌కు 20 వదులుతాను.

గట్టర్ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒక పాప గుర్తుకు వస్తుంది. పనిలో చేరిన మూడో ఏడు అనుకుంటాను, ఒక బడి సంచికలో ఏడో తరగతి గ్రూపు ఫోటో చాలా బాగా వచ్చిందని రెండు పేజీల మీదికీ పరిచాను. కంప్యూటర్ తెర మీద స్ప్రెడ్ చదునుగా కనిపిస్తుంది కాబట్టి చూడ్డానికి ఎంతో నిండుగా అనిపించింది. పర్ఫెక్ట్ బైండింగ్ అయి వచ్చాక మూడో వరుసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ పాప గట్టర్‌లోకి వెళ్లిపోయింది. ఎడమ పేజీలో ఒక చెవి, జడ రిబ్బను కనబడుతున్నాయి. కుడి పేజీలో భుజం ఉంది. ముఖం లేదు. సంచికలు పంచిన రోజు ఆ పాప పుస్తకాన్ని వెన్ను విరిగేలా వెడల్పుగా తెరిచి, అక్కడ వేలు పెట్టి నొక్కి చూసుకుందని వాళ్ల టీచరు నాతో చెప్పారు. ఆ రోజు నుంచి నాదొకటే నియమం. గ్రూపు ఫోటోను రెండు పేజీల మీద పరచను. పరచక తప్పకపోతే గట్టర్ ఇద్దరు పిల్లల మధ్య ఖాళీలో పడేలా జరుపుతాను, ఆ పట్టీలో ఎవరి ముఖమూ లేదని కొలిచి చూసుకుంటాను.

ఒక్క చోట మాత్రం ధైర్యంగా పరచవచ్చు. సెంటర్ పిన్ను సంచికలో సరిగ్గా మధ్య స్ప్రెడ్, మీ 64 పేజీల్లో 32, 33. ఆ రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి, చదునుగా తెరుచుకుంటాయి. బడి మొత్తం నిలబడ్డ ఫోటో ఏదైనా ఉంటే దాని చోటు అదే.

ఫారం

ఇది మాటల్లో చెబితే ఒక పట్టాన ఎక్కదు, చేతులతో చేస్తే అయిదు నిమిషాల్లో ఎక్కుతుంది. నాలుగు తెల్ల కాగితాలు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. చిన్న పుస్తకం అవుతుంది. పేజీలకు 1 నుంచి 16 వరకు పెన్సిలుతో అంకెలు వేయండి. ఇప్పుడు విప్పండి. 1 పక్కన 16, 2 పక్కన 15, 3 పక్కన 14 కనబడతాయి. ఏ జంటను కూడినా 17 వస్తుంది. సెంటర్ పిన్ను అయితే మీ 64 పేజీల సంచికలో ఏ జంటను కూడినా 65. ఈ మడత పుస్తకాన్ని డమ్మీ అంటారు. పేజీలను అచ్చుకు అనువుగా ఇలా తారుమారుగా పేర్చడాన్ని ఇంపోజిషన్ అంటారు. ఆ పని ప్రెస్సు వాళ్లది. మీరు పీడీఎఫ్‌ను 1, 2, 3 అని వరుసగానే ఇవ్వండి. సాయం చేద్దామని మీరే జంటలు కలిపి ఇస్తే అంతా తలకిందులవుతుంది.

ఒక షీటు మీద రెండు వైపులా కలిపి అచ్చయ్యే పేజీల గుంపు ఫారం. అమెరికా వ్యాసాల్లో సిగ్నేచర్ అని చదివారే, అది ఇదే. అక్కడ ఇయర్‌బుక్కుకు 16 పేజీలు ఒక సిగ్నేచర్. ఇక్కడ మీ సైజుకు పెద్ద మిషన్ మీద 16 పేజీలు, 18×23 షీటు వేసే చిన్న మిషన్ మీద 8 పేజీలు ఒక ఫారం అవుతాయి. మీ ప్రెస్సులో ఏది అని అడగండి. 16 అయితే మీ సంచిక సరిగ్గా 4 ఫారాలు. ప్రధానోపాధ్యాయులు చివర్లో ఇంకో రెండు పేజీల సందేశం కలపమంటే 66 కావు. ఆ రెండింటి కోసం మళ్లీ ప్లేట్లు (అచ్చుకు వాడే రేకులు), మళ్లీ మిషన్ ఖర్చు. రంగుల అచ్చుకు ఒక వైపుకు నాలుగు ప్లేట్లు కావాలి. కాబట్టి ఉన్న 64లోనే చోటు చూడాలి, లేదా ఇంకో అర ఫారం కలిపి 72కు వెళ్లాలి. అట్ట లెక్క వేరే ఉంటుంది. కవర్ 1, 2, 3, 4 అంటారు, మొత్తాన్ని "64 ప్లస్ 4" అని చెబుతారు.

ఫారం తెలిస్తే డబ్బు కూడా మిగులుతుంది. అన్ని పేజీలూ రంగుల్లో వేయించే స్తోమత లేకపోతే ఒక ఫారం రంగుల్లో, మిగతావి నలుపులో వేయించవచ్చు. ఏ పేజీలు రంగుల్లో వస్తాయన్నది మాత్రం బైండింగ్‌ను బట్టి మారుతుంది. పర్ఫెక్ట్ బైండింగ్‌లో ఫారాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి కాబట్టి మొదటి ఫారం అంటే 1 నుంచి 16. సెంటర్ పిన్నులో ఒకదానిలో ఒకటి దూరుతాయి కాబట్టి బయటి ఫారం అంటే 1 నుంచి 8, ఆపైన 57 నుంచి 64. లోపలి ఫారం 25 నుంచి 40. ఈ తేడా తెలియక రంగుల ఫోటోలన్నీ తెచ్చి 1 నుంచి 16లో పేర్చి, సెంటర్ పిన్ను చెప్పినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. వాళ్ల పేజీలన్నీ మళ్లీ సర్దాల్సి వచ్చింది.

బైండింగ్ ఏది మంచిదంటే, 64 పేజీలకు పలచటి కాగితమైతే సెంటర్ పిన్నుకే నా ఓటు. చక్కగా తెరుచుకుంటుంది, ఖర్చు తక్కువ, పిల్లల చేతుల్లో పేజీలు ఊడవు. నునుపుగా మెరిసే ఆర్ట్ పేపర్ అయితే 48 పేజీలు దాటాక మడత దగ్గర ఉబ్బుతుంది. ఇంకో సంగతి, మడతలు ఒకదానిలో ఒకటి దూరినప్పుడు లోపలి పేజీలు బయటికి తోసుకొస్తాయి. 64 పేజీల్లో అది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. దీన్ని క్రీప్ అంటారు. కోత పడ్డాక లోపలి పేజీలు ఆ మేరకు సన్నబడతాయి. సేఫ్ ఏరియాను గట్టిగా పాటించమనడానికి ఇదీ ఒక కారణం.

రిజల్యూషన్, రంగు

రిజల్యూషన్ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క, అచ్చుకు 300 కావాలి. ఫోటో వెడల్పు 3000 పిక్సెళ్లు (ఫోటోలోని చుక్కలు) ఉంటే 300తో భాగించండి, 10 అంగుళాల వెడల్పు వరకు నిక్కచ్చిగా వస్తుంది. అంతకు మించి సాగదీస్తే మసకబారుతుంది.

అరవై మంది పిల్లలు నాలుగు వరుసల్లో, వరుసకు పదిహేను మంది నిలబడ్డారనుకోండి. 3000 పిక్సెళ్ల ఫోటోలో ఒక్కో పిల్లవాడికి వచ్చేది 200 పిక్సెళ్లు. అందులో ముఖానికి వంద. అదే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది. 1600 పిక్సెళ్లకు తగ్గిందనుకుంటే ముఖానికి మిగిలేది యాభై. ఫోను తెర మీద బాగానే ఉన్నట్టుంటుంది, కాగితం మీద కళ్లు, ముక్కు కలిసిపోతాయి. ఫోటోలు తీసినవారిని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఫోటోలు ఫేస్‌బుక్ నుంచి దించినవైతే వాడకండి.

రంగు విషయం త్వరగా చెబుతాను. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపిస్తుంది, దాన్ని ఆర్‌జీబీ అంటారు. ప్రెస్సు సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు సిరాలతో అద్దుతుంది, అది సీఎంవైకే. తెర మీద మెరిసే నీలం, ఆకుపచ్చ కాగితం మీద కాస్త చల్లారతాయి. మీ బడి యూనిఫాం రంగును అట్ట మీద వాడుతుంటే, తెరను నమ్మకుండా ఒక రంగుల ప్రూఫు, అంటే నమూనా అచ్చు, తీయించి బట్ట పక్కన పెట్టి చూడండి. వ్యాసాల అక్షరాలకు మాత్రం ఒక్క నల్ల సిరానే ఉండాలి. వర్డ్‌లో టైపు చేసిన నలుపు ఒక్కోసారి నాలుగు రంగుల మిశ్రమంగా మారి వస్తుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా సన్నటి తలకట్టు రెండుగా కనబడుతుంది.

అందం మాటలు

ల్యాడర్‌తో మొదలుపెట్టండి. ల్యాడర్ అంటే నిచ్చెన. ఒక పెద్ద కాగితం మీద 64 గడులు జంటలుగా గీసి, ఏ పేజీలో ఏమి వస్తుందో రాసుకునే పట్టిక అది. నేను దాన్ని పేజీల పటం అంటాను. పేజీలు కట్టడం మొదలుపెట్టే ముందే ఇది గోడకు ఉండాలి. ఫారాల గీతలు కూడా దాని మీదే ఎర్ర సిరాతో గీస్తే, రంగుల పేజీలు ఎక్కడో అందరికీ తెలుస్తుంది.

ప్రతి స్ప్రెడ్‌లో ఒక ఫోటో మిగతావాటికంటే కనీసం రెండింతలు పెద్దగా ఉండాలి. దాన్ని డామినెంట్ ఫోటో అంటారు. అన్నీ ఒకే కొలతలో పెడితే కన్ను ఎక్కడా నిలవదు. ఐలైన్ అంటే స్ప్రెడ్ మొత్తం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఊహించుకునే అడ్డగీత. దాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పైకో కిందికో గీసుకోవాలి. కొన్ని ఫోటోలు ఆ గీత మీద కూర్చుంటాయి, కొన్ని దాని నుంచి వేలాడతాయి. పెద్ద ఫోటో ఒక్కటే గీతను దాటుతుంది. ఎదురెదురు పేజీలను కలిపి కుట్టే దారం లాంటిది ఈ గీత. ఫోటోల మధ్య ఖాళీ అన్నిచోట్లా ఒకటే ఉండాలి. అమెరికా వ్యాసాల్లో ఒక పైకా అని ఉంటుంది. పైకా అంటే 12 పాయింట్లు, అంగుళంలో ఆరో వంతు, సుమారు 4 మిల్లీమీటర్లు. ఈ ఒక్క నియమం పాటిస్తే పిల్లలు కట్టిన పేజీ కూడా పెద్దవాళ్లు కట్టినట్టు కనబడుతుంది.

ఫోలియో అంటే పేజీ నంబరు, దాని పక్కన చిన్న అక్షరాల్లో శీర్షిక పేరు. మాస్టర్ పేజీ అంటే అన్ని పేజీల్లో మారకుండా ఉండేవాటిని ఒక్కసారే పెట్టుకునే అచ్చు. ఫోలియోలు దానిలోనే పెట్టాలి, ఒక్కో పేజీలో చేత్తో టైపు చేయకండి. కోలోఫన్ అంటే చివర్లో అక్షరాల రకం, కాగితం, ముద్రించిన చోటు, ప్రతుల సంఖ్య, పని చేసినవారి పేర్లు చెప్పే చిన్న పెట్టె. మీ నలుగురు పిల్లల పేర్లు అక్కడ తప్పకుండా వేయండి.

తరగతి పేజీలకు ఒక కొలత చెబుతాను. ఒక పేజీకి అడ్డంగా 5, నిలువుగా 4, మొత్తం 20 ఫోటోలు. ఒక్కోటి 31 మిల్లీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు, కింద పేరుకు 10. నలభై మంది తరగతి ఒక స్ప్రెడ్‌లో హాయిగా సరిపోతుంది. ఫోటోలను కత్తిరించేటప్పుడు తలలన్నీ ఒకే పరిమాణంలో, కళ్లన్నీ ఒకే ఎత్తులో వచ్చేలా చూడండి. దూరం నుంచి తీసిన ఫోటోలో పిల్లవాడు చిన్నగా, పక్కవాడు పెద్దగా కనబడితే, చిన్నగా కనబడ్డవాడి మనసు నొచ్చుకుంటుంది.

తెలుగుకు ప్రత్యేకంగా తెలియాల్సినవి

ఇంటర్నెట్ వ్యాసాలు చెప్పని సంగతులు ఇక్కడే ఉన్నాయి. మొదటిది లీడింగ్, అంటే వరుసకూ వరుసకూ మధ్య దూరం. లెడ్ అంటే సీసం. చేతి కంపోజింగ్ రోజుల్లో వరుసల మధ్య సీసం రేకులు పెట్టేవారు, ఆ పేరే కంప్యూటర్‌లోకి వచ్చింది. ఇంగ్లీషు అక్షరం గీత మీద నిలబడుతుంది. తెలుగు అక్షరం పైకి గుడి కట్టుకుంటుంది, కిందికి ఒత్తు దించుకుంటుంది. ఇన్‌డిజైన్ లాంటి సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లీడింగ్ అక్షరానికి 120 శాతం, అంటే 12 పాయింట్లకు 14.4. దాంతో పై వరుసలో "రాష్ట్రం" వచ్చి, దాని కింద "కీర్తి" పడితే ఒత్తు వెళ్లి గుడిని గుద్దుకుంటుంది. 12 పాయింట్లకు 17 గానీ, 18 గానీ ఇవ్వండి. పేజీలు పెరుగుతాయని భయపడి లీడింగ్ తగ్గించే బదులు ఒక వ్యాసం తగ్గించడం మేలు.

రెండోది కాలమ్ వెడల్పు. మన మాటలు పొడవు. "నిర్వహించుకుంటున్నప్పుడు" అన్నది ఒక్క మాటే. పేజీని మూడు కాలమ్‌లు చేసి రెండు వైపులా అంచులు సమం చేస్తే, ఒక వరుసలో రెండే మాటలు పట్టి, మధ్యలో వాగుల్లాంటి ఖాళీలు దిగుతాయి. మీ సైజుకు రెండు కాలమ్‌లే చేయండి. కవితలకు ఎడమ అంచు ఒక్కటే సమం చేయండి.

మూడోది డ్రాప్ క్యాప్, వ్యాసం మొదటి అక్షరాన్ని రెండు మూడు వరుసల ఎత్తున పెద్దగా పెట్టడం. మనకు ఒక అక్షరమంటే ఒత్తూ గుణింతమూ కలిసిన మొత్తం. "శ్రీ" అన్నది మీకూ నాకూ ఒక అక్షరం, కంప్యూటర్ లోపల నాలుగు ముక్కలు. శ మాత్రమే పెద్దదై మిగతాది చిన్నగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వేసే ముందు చూసుకోండి. ఇంగ్లీషులో లాగా వాలు అక్షరాలు కూడా తెలుగుకు నప్పవు. గుండ్రటి అక్షరాన్ని బలవంతంగా వంచితే పడిపోతున్నట్టు ఉంటుంది. ప్రత్యేకంగా చూపాల్సిన మాటకు అక్షరాన్ని లావు చేయండి, చాలు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పిల్లలు ఫోనులో టైపు చేసి పంపేది యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ తెలియదు. కాబట్టి మీ పాఠాన్ని కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. మార్పులో అరుదైన సంయుక్తాక్షరాలు దెబ్బతింటాయి. మీరు ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే కడితే ఈ గొడవ ఉండదు, అయితే పేరాగ్రాఫ్ సెట్టింగులలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే గుణింతాలు విడిపోతాయి. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వ్యాసాలకు మండలి, శీర్షికలకు రామభద్ర నాకు ఇష్టం. సంచిక మొత్తానికి రెండు ఫాంట్లు దాటకండి.

ప్రూఫు

ఒక సంచికలో పాఠమంతా యూనికోడ్ దశలోనే ముగ్గురం దిద్దాం. తర్వాత కన్వర్ట్ చేశాం. దిద్దినదే కదా అని పేర్ల పేజీలు మళ్లీ చదవలేదు. జ్యోత్స్న అనే అమ్మాయి పేరులో స పోయి "జ్యోత్న" అని అచ్చయింది. సంచికలు బడికి చేరాక ఆ తరగతి టీచరు గమనించి, పంచడం ఆపి, తరగతికి వచ్చిన 42 ప్రతుల్లోనూ సన్నటి నల్ల పెన్నుతో ఆ స ఒత్తుతో సహా రాశారు. ఒక ప్రతి నాకూ పంపారు. ఆ చేతిరాత చక్కగా అచ్చక్షరంలో ఒదిగిపోయింది. మిగతా తరగతుల ప్రతుల్లో మాత్రం తప్పు అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ప్రూఫు చదవడమంటే నాకు ప్రెస్సుకు వెళ్లే ఆఖరి పీడీఎఫ్‌ను కాగితం మీద తీసి చదవడమే. దానికి ముందు ఎన్నిసార్లు చదివినా లెక్కలోకి రాదు.

పేర్లు మాత్రం ఒక్కరే చదవకూడదు. ఒకరు హాజరు పట్టీ చూసి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో వేలు పెట్టి చూడాలి. ఇంటిపేరు పొడి అక్షరాలకు ముందే ఒక పద్ధతి పెట్టుకోండి. కొల్లి వారిని ఒక తరగతిలో "కె." అని, ఇంకో తరగతిలో "కొ." అని వేయకూడదు. ఇలాంటి నిర్ణయాలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే దాన్నే స్టైల్ షీటు అంటారు. పొడవాటి పేరు ఒక వరుసలో పట్టకపోతే రెండు వరుసలు చేయండి, అంతేగానీ ఆ ఒక్క పేరుకు అక్షరాన్ని నొక్కి సన్నం చేయకండి.

అమెరికాలో చదువుకునే మా అక్క కూతురు వేసవి సెలవులకు వచ్చినప్పుడు తన ఇయర్‌బుక్కు తెచ్చింది. దాని చివర ఇండెక్స్ ఉంది. బడిలోని ప్రతి విద్యార్థి పేరు, ఎదురుగా ఆ విద్యార్థి కనబడే పేజీల నంబర్లు. ఒకరికి ఏడు పేజీలు, ఒకరికి ఒక్కటే. మన సంచికలో ఇండెక్స్ వేసేంత చోటు ఉండదు గానీ, ఆ లెక్క వేయడానికి చోటు అక్కర్లేదు. హాజరు పట్టీ జిరాక్సు తీయించి, ఒక్కో పేరు పక్కన ఆ పిల్లవాడు కనబడే పేజీ నంబరు పెన్సిలుతో రాసుకుంటూ పొండి. పేజీలు సగం కట్టేసరికి ఏ పేరు పక్కన ఏమీ లేదో కనబడుతుంది. క్రికెట్ ఆడనివాళ్లు, నాటకంలో లేనివాళ్లు, కవిత రాయనివాళ్లు, ఫోటో తీసే రోజు బడికి రానివాళ్లు. వాళ్లను వెతికి పట్టుకుని గ్రంథాలయంలోనో, మధ్యాహ్న భోజనం దగ్గరో, చెట్టు కిందో ఒక ఫోటో తీయించండి. దానికి ఇంకా సమయం ఉంది కదా మీకు.

ముందు ప్రెస్సు నుంచి మూడు విషయాలు తెలుసుకోండి: కోత తర్వాత కొలత, ఫారానికి ఎన్ని పేజీలు, బైండింగ్ ఏది. ఆ తర్వాత 64 గడుల పటం గీసి, ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. రంగుల పేజీలు సరైన ఫారంలో పడ్డాయో లేదో, మధ్య స్ప్రెడ్‌లో ఏమి పెట్టారో చూసి చెబుతాను.